బందరు బట్ట, లండన్ వీధి

శనివారం పొద్దున్న లెడెన్‌హాల్ స్ట్రీట్ బంద్ రోజు కోఠిలా ఉంటుంది. వారమంతా మెడలో ఐడీ కార్డులతో పరుగెత్తే జనం ఒక్కరూ కనబడరు. కాఫీ షాపులు కూడా సగం మూసే ఉంటాయి. లండన్ వచ్చి ఏడాది దాటినా ఈ ఊరు నాకు ట్యూబ్ మ్యాప్‌గానే తెలుసు. ఒక స్టేషన్లో దిగడం, ఇంకో స్టేషన్లో తేలడం, అంతే. మధ్యలో ఏముందో తెలీదు. అందుకే ఈ వీకెండ్ రెండ్రోజులూ నడిచే తిరగాలనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ముందే అనుకున్నాను: ఈస్టిండియా కంపెనీ హెడ్డాఫీసు ఉన్న చోట.

అక్కడ ఇప్పుడు లాయిడ్స్ బిల్డింగ్ ఉంది. పైపులూ, లిఫ్టులూ, మెట్లూ అన్నీ బయటికి కనబడేలా రిచర్డ్ రోజర్స్ డిజైన్ చేసిన ఉక్కు భవనం, 1986లో తెరిచారు. కంపెనీ ఈ వీధిలో 1648 నుంచి ఉంది. మొదట అద్దె ఇల్లు, తర్వాత స్తంభాలతో పెద్ద భవంతి. 1858లో మన దేశం రాణి చేతికి వెళ్లాక ఆ భవంతికి పని లేకుండా పోయింది. 1861లో కూల్చేశారు. చుట్టూ రెండుసార్లు తిరిగాను. మచిలీపట్నం నుంచి మద్రాసు దాకా ఎవరు ఏం నేయాలో, ఎంతకి అమ్మాలో తేల్చిన ఆఫీసు ఇక్కడుండేదని చెప్పే గుర్తేదీ నా కంటబడలేదు. పక్కన ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో ఒక పబ్బు మీద మాత్రం ఆ పేరు మిగిలింది, ఈస్టిండియా ఆర్మ్స్ అని.

కంపెనీ వాళ్లు బందరు రేవుకి వచ్చింది 1611లో. అప్పటికి మద్రాసు లేదు, కలకత్తా లేదు. వాళ్లకి కావల్సింది బట్ట. ముఖ్యంగా అద్దకం బట్ట. అందులో గొప్పతనం బొమ్మలో కన్నా రంగులో ఉంది. నూలుబట్టని కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లతో గీస్తారు. తర్వాత చిరివేరు వేసి ఉడికిస్తే పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది, మిగతాది ఉతుకుల్లో పోతుంది. ఇనుప తుక్కుని బెల్లం నీళ్లలో పులియబెడితే నలుపు. ఇలా పట్టిన రంగు ఎన్నిసార్లు ఉతికినా పోదు. ఉన్నీ, నార, పట్టు తప్ప పెద్దగా ఎరగని లండన్ ఆడవాళ్లకి ఇది వింత. తేలిగ్గా ఉంటుంది, ఉతుక్కోవచ్చు, పువ్వులు పువ్వుల్లాగే ఉంటాయి, పట్టు కన్నా చవక. పనమ్మాయి దగ్గర్నుంచి దొరసాని దాకా అందరూ ఎగబడ్డారు.

మరి అప్పటిదాకా వాళ్లకి బట్టలు నేసిన వాళ్లేమయ్యారు?

అది తెలుసుకోవడానికి ఉత్తరంగా నడవాలి. బిషప్స్‌గేట్ మీదుగా వెళ్తుంటే కుడివైపు సందుల్లో కంపెనీ గోదాములు వస్తాయి. 1770ల ప్రాంతంలో కట్టిన ఎత్తయిన ఇటుక గోడలు. ఇప్పుడు డెవన్‌షైర్ స్క్వేర్ పేరుతో ఆఫీసులూ రెస్టారెంట్లూ. అవి దాటాక స్పిటల్‌ఫీల్డ్స్. మొత్తం పావుగంట నడక, అంతే. నేను కంపెనీకీ, దాన్ని తిట్టుకున్న వాళ్లకీ మధ్య ఏ సముద్రమో ఉన్నట్టు ఊహించుకున్నాను. ఇద్దరూ ఒకే పేటవాళ్లలా ఉన్నారు.

స్పిటల్‌ఫీల్డ్స్ పట్టునేతగాళ్ల పేట. 1685లో ఫ్రాన్స్ రాజు ప్రొటెస్టెంట్ల మత స్వేచ్ఛ రద్దు చేశాక అక్కణ్ణుంచి పారిపోయి వచ్చిన హ్యూగెనోలు చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. ఫోర్నియర్ స్ట్రీట్‌లో వాళ్ల ఇళ్లు ఇంకా ఉన్నాయి. అటక మీద వెడల్పాటి కిటికీలుంటాయి, మగ్గం మీద వెలుతురు పడటానికి. అవి చూడగానే నాకు చీరాలలో మా తాతయ్య మగ్గం గుర్తొచ్చింది. ఆయనది అటక కాదు, గుంట మగ్గం. కానీ కిటికీ పక్కనే ఉండేది. ఆ వెలుతుర్లో ఎవరు అడ్డం నిలబడ్డా ఊరుకునేవాడు కాదు.

1697లో ఈ పేట నేతగాళ్లు ఇండియా బట్టల మీద కోపంతో ఊరేగింపుగా వెళ్లి లెడెన్‌హాల్ స్ట్రీట్‌లో కంపెనీ ఆఫీసు మీద దాడి చేశారు. నేనొచ్చిన దారినే, ఎదురుదిశలో. ఆ తర్వాత పార్లమెంటు 1700లో చట్టం చేసింది. ఆసియా నుంచి వచ్చే పట్టు, రంగులద్దిన నూలుబట్ట ఇంగ్లండులో అమ్మకూడదు, కట్టుకోకూడదు, వేరే దేశాలకి పంపుకోవచ్చు. తెల్లబట్ట మాత్రం రావొచ్చు. దాంతో ఏమైందంటే ఆ తెల్లబట్ట తెప్పించుకుని ఇక్కడే అద్దకం మొదలుపెట్టారు. నేతగాళ్ల కష్టం తీరలేదు. 1719 వేసవిలో మళ్లీ వీధుల్లోకొచ్చారు. ఈసారి కోపం కంపెనీ మీద కాదు, కట్టుకున్న వాళ్ల మీద. అద్దకం గౌను వేసుకున్న ఆడవాళ్లు కనబడితే చాలు, సిరా చల్లారు, యాసిడ్ పోశారు, ఒంటి మీద బట్టలు చింపేశారు. 1721లో ఇంకో చట్టం వచ్చింది. ఈసారి ఇక్కడ అద్దిన నూలుబట్ట కట్టుకున్నా నేరమే. జరిమానా 5 పౌన్లు.

ఆ రాత్రి అమ్మమ్మకి వీడియో కాల్‌లో ఇదంతా చెప్పాను. మన బందరు బట్ట కోసం లండన్‌లో గొడవలయ్యాయని చెప్తే సంబరపడుతుందనుకున్నాను. యాసిడ్ మాట వినగానే "అయ్యో, ఆడపిల్లల మీదా!" అంది. కాసేపాగి, "ఆ నేతోళ్లకి మాత్రం ఇంట్లో పొయ్యి వెలిగిందంటావా? మరమగ్గాలొచ్చిన కొత్తల్లో మీ తాతయ్య కూడా పాలిస్టర్ చీర కట్టుకున్న దాన్నల్లా కొరకొరా చూసేవాడే" అంది.

నేను పొద్దుట్నుంచీ ఒకవైపే నిలబడి నడుస్తున్నానని అప్పుడు అర్థమైంది. స్పిటల్‌ఫీల్డ్స్ వాళ్లని మన బట్ట చింపిన వాళ్లుగానే చూశాను. కానీ 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దం మొదట్లో మన ఉత్తర సర్కారుల్లో నేతగాళ్లు కూడా తిరగబడ్డారు, అదే కంపెనీ మీద. బయానా ఇచ్చి, ఇంకెవరికీ అమ్మొద్దని కట్టడి చేసి, చెప్పిన ధరకే బట్ట ఇవ్వమన్నందుకు. పి. స్వర్ణలత ఉత్తర కోరమాండల్ నేతగాళ్ల మీద రాసిన పుస్తకంలో ఆ చరిత్ర ఉంది. అంటే ఒకే ఆఫీసు మీద రెండు సముద్రాలవతలి మగ్గాలు కోపగించాయి. ఒకరి గురించి ఒకరికి తెలిసే వీల్లేదు.

ఆదివారం పడమటికి నడిచాను. ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్, ట్రఫాల్గర్ స్క్వేర్ మీదుగా సౌత్ కెన్సింగ్టన్ దాకా. దారిలో డ్రూరీ లేన్ థియేటర్ దగ్గర ఆగాను. 18వ శతాబ్దపు సూపర్‌స్టార్ డేవిడ్ గారిక్ దాదాపు ముప్ఫై ఏళ్లు నడిపిన థియేటర్ అది. అసలు నేను వెళ్తున్నది ఆయన మంచం చూడ్డానికే. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, చిప్పెండేల్ దుకాణంలో చేయించిన పందిరి మంచం. కలకత్తాలో నాటకశాల పెట్టుకున్న ఇంగ్లీషు వర్తకులకి గారిక్ సాయం చేశాడట. కృతజ్ఞతగా వాళ్లు ఆయన భార్యకి మంచం తెరల కోసం అద్దకం బట్ట పంపారు. బందరులో అద్దిన బట్ట. 1775లో లండన్ కస్టమ్స్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. ఇక్కడ తయారైన నూలుబట్ట మీద నిషేధం అంతకుముందు ఏడాదే ఎత్తేశారు, బయటి అద్దకం మీద మాత్రం అలాగే ఉంచారు. దేశమంతా చప్పట్లు కొట్టే నటుడు తన పెళ్లాం పరదాల కోసం ప్రభుత్వంలో ఉన్న స్నేహితుడికి బతిమాలుతూ ఉత్తరం రాసుకున్నాడు. చివరికి బట్ట చేతికొచ్చింది. వచ్చింది కాబట్టే మ్యూజియం దాకా చేరింది.

నిషేధం ఎవర్ని కాపాడింది? స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లకి 1773లో కూలి రేట్ల చట్టం వచ్చింది, 1824లో పోయింది. 1826లో విదేశీ పట్టుకి తలుపులు తెరిచారు. పేట మెల్లగా చితికిపోయింది. పోటీ లేని ఆ దశాబ్దాల్లో నిలదొక్కుకున్నది లాంకషైర్ నూలు. ఆ నూలే తర్వాత ఓడలెక్కి బందరుకీ చీరాలకీ వచ్చింది.

మంచం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఫోటో తీసి అమ్మమ్మకి పంపాను. నిమిషంలో వాయిస్ మెసేజ్ వచ్చింది. "బాగుంది గానీ, దోమతెర కట్టుకునే చోట ఇంత ఖరీదైన బట్టేంటే?"

కాళ్లు నొప్పులు. తిరుగు ప్రయాణానికి ట్యూబ్ ఎక్కాను. లివర్‌పూల్ స్ట్రీట్ రాగానే మ్యాప్ వైపు చూడలేదు. నెత్తిమీద ఏ వీధి ఉందో ఇప్పుడు తెలుసు.