వజ్రమూ, కరపత్రమూ

రెండేళ్ళ వ్యవధిలో హైదరాబాదు రెండుసార్లు కోర్టుకెక్కింది. మొదటిసారి ఒక వజ్రం కోసం, 1891లో. రెండోసారి ఎనిమిది పుటల ఒక ఇంగ్లీషు కరపత్రం కోసం, 1892లో. మొదటి కథ ఊళ్ళో అందరికీ తెలుసు, నవ్వుతూ చెప్పుకుంటారు. రెండోది తెలిసినవారు తక్కువ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి నగరం ఎలా నడిచేదో కొంత అర్థమవుతుందని నా నమ్మకం.

నడిచేది అంటే, మూసీకి అటూ ఇటూ నడిచేది. దక్షిణపు గట్టున చార్మినారు, చౌమహల్లా, పురానీ హవేలీ, నవాబుల దేవిడీలు. ఉత్తరపు గట్టున బ్రిటిషు రెసిడెన్సీ. కోఠీ మహిళా కళాశాలగా మనమెరిగిన, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన ఆ తెల్లటి స్తంభాల భవనమే అది. దాని చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లలో నిజాం ఆజ్ఞ చెల్లదు, అక్కడ రెసిడెంటు దొర చట్టమే చట్టం. 1933 దాకా ఇదే ఏర్పాటు. అంటే వంతెన దాటితే రాజ్యం మారిపోయేది. ఒక గట్టున పుట్టిన పుకారు రెండో గట్టుకు చేరేసరికి ఆయుధంగా మారడానికి ఇంతకంటే అనువైన ఊరు ఉంటుందా? ఇదే రెసిడెన్సీని కట్టించిన కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ ఈ మధ్యకాలంలో బాగా ప్రచారంలోకి వచ్చింది కనుక దాని జోలికి పోను.

1891నాటి నిజాం, ఆరవ అసఫ్‌జా మహబూబ్ అలీఖాన్. మూడేళ్ళు నిండని వయసులో 1869లో గద్దెనెక్కి, 1884లో పూర్తి అధికారాలు పొందిన మనిషి. పాము కరిచినవాళ్ళు ఆయన పేరు తలచుకుంటే విషం దిగిపోతుందని జనం నమ్మేవారు. తొడిగిన బట్టలు మళ్ళీ తొడగడని ప్రతీతి. పురానీ హవేలీలోని ఆ పొడవాటి రెండంతస్తుల బట్టల బీరువా వరసను చూసినవారు ఆ మాటను కొట్టిపారెయ్యలేరు. ఈ బట్టలకూ, బూట్లకూ, గడియారాలకూ కాపలాదారు ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియను. ప్రభువు ఒకసారి వాడి వదిలేసిన సరుకును ఆబిద్ తన దుకాణంలో పెట్టి మళ్ళీ ప్రభువుకే అమ్మేవాడని ఒక కథ. అది నిజమైనా కాకపోయినా, దుకాణం మాత్రం నిజం. మనం రోజూ సిటీబస్సు దిగే ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది దానివల్లనే.

ఆ ఆబిద్ ద్వారానే సిమ్లా నుంచి అలెగ్జాండర్ మాల్కం జేకబ్ అనే రత్నాల వర్తకుడు నిజాంను చేరుకున్నాడు. ఎక్కడ పుట్టాడో ఎవరికీ స్పష్టంగా తెలియనివ్వని మనిషి. తాను ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయానని చెప్పుకునేవాడు. సిమ్లాలో వైస్రాయి కొలువు చుట్టూ తిరిగే దొరలూ, సంస్థానాధీశులూ ఆయన ఇంటికి వచ్చేవారు. ఇంద్రజాలికుడని కొందరు, గూఢచారి అని కొందరు అనుకునేవారు. మారియన్ క్రాఫర్డ్ 1882లో అచ్చువేసిన నవలలో ‘మిస్టర్ ఐజక్స్’ ఈయనే. కిప్లింగ్ ‘కిమ్’లోని లర్గన్ సాహెబూ ఈయనే. ఒకే మనిషి రెండు నవలల్లోకి వెళ్ళాడంటే ఎంత వింత మనిషో ఊహించుకోండి.

జేకబ్ తెచ్చిన బేరం దక్షిణాఫ్రికా గనిలో దొరికిన ఒక పెద్ద వజ్రం. సానపట్టాక 184.75 క్యారెట్లు. నలభైఆరు లక్షల రూపాయలకు మాట కుదిరి, అందులో సగం, అంటే ఇరవైమూడు లక్షలు, ముందే చెల్లింది. ఆ బయానాతోనే జేకబ్ వజ్రాన్ని కొన్నాడు. ఇంతలో రెసిడెన్సీకి ఈ సంగతి తెలిసింది, సంస్థానం ఖర్చుల మీద కన్నేసి ఉంచిన రెసిడెంటు అభ్యంతరం చెప్పాడు. వజ్రం తనకు నచ్చలేదని, డబ్బు తిరిగి ఇమ్మని నిజాం అడిగాడు. చూసి నచ్చితేనే కొంటానన్నానని నిజాం వాదన, అమ్మకం అయిపోయిందని జేకబ్ వాదన. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు వెళ్ళింది, నేరారోపణతో సహా. నిజాం కోర్టుకు వెళ్ళలేదు, కోర్టు తరఫున కమిషనే హైదరాబాదుకు వచ్చి ఆయన సాక్ష్యం నమోదు చేసుకుంది. అయినా, పేరు తలచుకుంటే పాము విషం దిగుతుందని జనం నమ్మే ప్రభువు బ్రిటిషు బారిస్టరు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి రావడం చిన్న సంగతా! 1891 డిసెంబరులో జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. రావలసిన మిగతా సగం మాత్రం రాలేదు. వ్యాపారం కూలిపోయింది. సిమ్లాలో సామ్రాజ్యపు పెద్దలకు విందులిచ్చిన మనిషి 1921లో బొంబాయిలో పేదవాడుగా చనిపోయాడు.

వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. అది తండ్రి చెప్పు కొసలో కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు దొరికిందని, ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడేవాడని చెప్పుకుంటారు. మనవాళ్ళు నవ్వేది ఇక్కడే. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నిటినీ 218 కోట్లకు కొన్నప్పుడు అదీ వాటితోపాటు వెళ్ళింది. 2001లోనూ, 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో దాన్ని ప్రదర్శించారు, జనం బారులు తీరి చూశారు. ఆ ఇరవైమూడు లక్షలు ఏ ఖజానా పద్దులోంచి వచ్చినా, చివరికి తెలంగాణలోనో మరాట్వాడాలోనో ఎవరో రైతు కట్టిన శిస్తే కదా అన్న మాట ఈ కథలో ఎవరూ చెప్పరు.

ఇక కరపత్రం. దీని వెనుక ఉన్నది ముల్కీ, గైర్‌ముల్కీ తగాదా. మొదటి సాలార్‌జంగ్ పరిపాలన సంస్కరణల కోసం ఉత్తరాది నుంచి చదువుకున్నవారిని రప్పించాడు. ఆయన 1883లో పోయాక, స్థానికులకూ వచ్చినవారికీ మధ్యనే కాక, వచ్చినవారిలో వారికి కూడా పదవుల కోసం పోరు ముదిరింది. లక్నో వైపు నుంచి వచ్చిన మెహదీ హసన్ ఈ పోరులో అతి వేగంగా పైకి వచ్చాడు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆ తరువాత హోం సెక్రటరీ, ఫతే నవాజ్ జంగ్ బిరుదు. భార్య ఎలెన్ డోనెల్లీ, ఈ దేశంలోనే పుట్టి పెరిగిన ఐరిష్ సంతతి స్త్రీ. దంపతులు 1888లో లండన్ వెళ్ళారు, ఎలెన్ విక్టోరియా రాణి దర్బారులో పరిచయం చేయబడింది. తిరిగివచ్చాక రెసిడెన్సీ విందులలో దొరసానులతో సమానంగా కూర్చున్నది.

1892 ఏప్రిల్లో ఆ కరపత్రం వెలువడింది. సంతకం లేదు. హైదరాబాదులోని స్త్రీలకు విన్నపం అన్న పేరుతో, మీ పక్కన కూర్చుంటున్న ఈమె లక్నోలో వెలయాలిగా బతికిందని, మెహదీ ఆమెను పెళ్ళే చేసుకోలేదని, తన ఉన్నతి కోసం ఆమెను ఇతరులకు అప్పగించాడని ఆరోపించింది. గమనించండి, గురి మెహదీ ఉద్యోగం, కానీ బాణం తగిలింది ఎలెన్‌కు. ఆయన తీర్పులను, లెక్కలను తప్పుపట్టి ఉంటే జవాబు చెప్పుకోగలిగేవాడు. భార్య శీలానికి ఏ లెక్కల పుస్తకంతో జవాబు చెబుతాడు?

ఊరుకుని ఉంటే మరిచిపోయేవారేమో. మెహదీ ఊరుకోలేదు, కరపత్రాన్ని అచ్చువేశాడంటూ మిత్రా అనే బెంగాలీ మీద రెసిడెన్సీ కోర్టులో పరువునష్టం దావా వేశాడు. లక్నో నుంచి సాక్షులు వచ్చారు. ఒక స్త్రీ యవ్వనంలో ఎవరితో ఎక్కడ ఉన్నదన్న విషయం నెలల తరబడి నడిచే విచారణగా, పత్రికలకు మేతగా మారింది. 1893 ఏప్రిల్లో మిత్రా విడుదలయ్యాడు. మెహదీ ఉద్యోగం పోయింది. అదే ఏడు ప్రధాని ఆస్మాన్ జా దిగిపోయాడు, ఫలక్‌నుమా కట్టి అప్పులపాలైన వికారుల్ ఉమ్రా ఆ పదవిలోకి వచ్చాడు. కరపత్రం రాసిన చెయ్యి ఎవరిదో ఆ కోర్టులో తేలనే లేదు.

ఈ కథలో నన్ను వెంటాడేది నవాబుల కుట్ర కాదు. కుట్రలు లేని దర్బారు ఎక్కడా లేదు. మహబూబ్ పాషా విచిత్రాలు ఆయనకు కీర్తినే తెచ్చాయి, ఆబిద్ తెలివి ఒక బజారుకు పేరైంది. ఎక్కడివాడో తెలియని జేకబ్, ఎక్కడా చెందని ఎలెన్ మాత్రం ఊరి వినోదానికి వెల చెల్లించారు. దర్బారులో వారి వెనుక నిలబడే వంశమూ, జాగీరూ లేవు, అంతే.

మెహదీ దంపతులు లక్నో చేరుకున్నారు. 1904లో ఆయన మరణించాడు. బతుకుతెరువు లేని ఎలెన్ చివరికి తనను వెళ్ళగొట్టిన హైదరాబాదు ప్రభుత్వానికే భృతి కోసం అర్జీ పెట్టుకున్నది.