నడుము నేర్పిన పాఠము

గుడివాడనుండి పామర్రు మీదుగా చల్లపల్లి, అవనిగడ్డల వైపు దివిసీమకు పోవు దారిలో కూచిపూడి గ్రామము కలదు. బందరుకును ఇది చేరువయే. ఈ యూరి నాట్యమును తలచినపుడు మనము అభినయమును, వేషమును కొనియాడుదుము. ఆ రెంటినీ మోయు నడుమును మాత్రము మరచుచుందుము.

తరంగనాట్యమును చూడుడు. ఇత్తడి పళ్లెరపు అంచుపై పాదములుంచి, ఒక్కొక్కప్పుడు తలపై నీళ్లచెంబుతో, తాళము తప్పక నర్తకి ముందుకు సాగును. కదలునవి పాదములు, నిలుపునవి పొట్ట, నడుముల కండరములు. వానిలో మిక్కిలి లోతున నున్నది నడికట్టువలె ఉదరమును చుట్టి వెన్నుకు ఊతమిచ్చును. మోకాళ్లు వంచి వెన్ను నిటారుగా నిలుపు అరమండి, అభ్యాసకునికి మొదటినుండి ఈ బలమునే అలవరచును.

ఇదే సత్యము మరియొక దేశమున మరియొక దారిని వెల్లడియైనది. 1883లో జర్మనీలో జన్మించిన జోసెఫ్ పిలాటిస్ బాల్యమున బలహీనుడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులచే ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున నిర్బంధింపబడి, అచటనే తన వ్యాయామపద్ధతికి మెరుగులు దిద్దెను. 1926లో న్యూయార్కు చేరి వ్యాయామశాల నెలకొల్పెను. జార్జి బాలంచిన్, మార్తా గ్రాహమ్ వంటి నాట్యాచార్యులు తమ నర్తకులను ఆయన కడకు పంపిరి. 1967లో ఆయన మరణించెను. పద్ధతి మాత్రము ఆయన పేరనే నిలిచినది.

కూచిపూడి విద్య చిరకాలము కొన్ని కుటుంబముల పురుషులకే పరిమితమై, స్త్రీవేషములును వారే ధరించిరి. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు నేర్పుటయు, 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ స్థాపించుటయు ఆ తలుపులు తెరచినవి. నడుము బలము ఒక కులమునకో, ఒక వేదికకో చెందిన సొత్తు కాదని దీనివలన తేలినది. దినమంతయు కూర్చుండి పనిచేయు నేటివారికి అది మరింత అవసరము.

క్రొత్తగా ఆరంభించువారు పిలాటిస్ 'నూరు' అను అభ్యాసమును సులువు చేసికొని చేయవచ్చును. చాపపై వెల్లకిల పరుండి, మోకాళ్లు వంచి, పాదములును తలయు నేలపైననే ఉంచవలెను. చేతులను ప్రక్కల చాచి, మెల్లగా పైకి క్రిందికి ఆడించుచు, అయిదు లెక్కించువరకు శ్వాస పీల్చి, అయిదు లెక్కించువరకు విడువవలెను. ఇట్లు పదిమారులైన నూరగును. మొదట మూడు నాలుగు మారులు చాలును. ఊపిరి బిగబట్టరాదు, మెడ లాగినను, నడుము నొచ్చినను ఆపవలెను. బాలింతలు, శస్త్రచికిత్స పొందినవారు వైద్యుని అడిగిన పిదపనే పూనుకొనవలెను.

పొట్టపై కండలు కనబడవలెనను తొందర వలదు. పళ్లెరమెక్కుటకు ముందు నర్తకి నేలపై స్థిరముగా నిలుచుట నేర్చినది. మనకును మొదటి పాఠము అదియే.