ఆకుపచ్చ తిరిగిన సీసా

పూర్వం షుగరు రోగుల మూత్రంలో డాక్టర్లు ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేసేవారు. కీటోన్లుంటే ఎర్రబారేది, లేకపోతే రంగు మారేది కాదు. 1934లో ఓస్లోలో అస్‌బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టరు ఇద్దరు పిల్లల మూత్రంలో వేస్తే ముదురాకుపచ్చ తిరిగింది. ఇది చదివిన దగ్గర్నుంచీ ఆ రంగు నన్ను వదల్లేదు.

సీసాలు తెచ్చింది బోర్గ్‌నీ ఎగెలాండ్ అనే తల్లి. పుట్టినప్పుడు పిల్లలిద్దరూ బాగానే ఉన్నారు. ఎదిగేకొద్దీ బుద్ధి ఎదగలేదు, ఒంటినుంచి అదో రకం ముక్క వాసన. ఆ వాసనేమిటని ఏళ్ల తరబడి డాక్టర్ల గడపలెక్కితే ఎవరూ చెవిన పెట్టలేదు. ఫోలింగ్ పెట్టాడు. ఏ మందు మహిమో అనుకుని మందులన్నీ ఆపించాడు. అయినా ఆకుపచ్చే. లీటర్లకు లీటర్లు తెప్పించి, వడగట్టి, చివరికి ఫినైల్‌పైరువిక్ ఆమ్లాన్ని పట్టుకున్నాడు. మాంసకృత్తుల్లో ఉండే ఫినైలాలనిన్‌ను కాలేయం మార్చలేకపోతే అది రక్తంలో పేరుకుని మెదడును చెరుస్తుంది; కొంత ఈ ఆమ్లంగా మారి మూత్రంలోకి దిగుతుంది. జబ్బు పేరు ఫినైల్‌కీటోన్యూరియా. నార్వేలో ఫోలింగ్ జబ్బనే అంటారు. నన్నడిగితే తల్లి పేరు పెట్టాల్సింది. ముందు పసిగట్టింది ఆవిడ ముక్కే కదా!

అంతకు ముందే, 1902లో లండన్‌లో గారడ్ అనే వైద్యుడు పసిపిల్లల గుడ్డలు నల్లబడే ఆల్కాప్టోన్యూరియా అనే ఇలాంటి జీవక్రియ లోపాన్నే పరిశీలిస్తూ, అలాంటి పిల్లల తల్లిదండ్రులు తరచు దగ్గర చుట్టాలేనని గమనించాడు. మేనరికాల వాళ్లం, మనకు గుచ్చుకునే మాటే. రైలు పనికి ఉత్తరాంధ్ర నుంచి బిలాస్‌పూర్ వచ్చిన ఇళ్లలో, మా తెలిపారాలోనూ, విశాఖ లింక్ ఎక్స్‌ప్రెస్ దిగే కొత్త కోడలు అత్తగారిని 'అత్తా' అని పిలవడం పెళ్లికి ముందునుంచీ అలవాటే. ఆంధ్రలో మేనరికాల లెక్క తీసినవాడు పిఠాపురం కుర్రాడు, జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు. అది 1960ల నాటి ముచ్చట.

1950లలో బర్మింగ్‌హామ్‌లో బికెల్ బృందం ఫినైలాలనిన్ తగ్గించిన ఆహారంతో ఒక పాప పరిస్థితి మెరుగుపడడం చూపించింది. అయితే మెదడు చెడకముందే మొదలుపెట్టాలి. ముందే తెలిసేదెలా?

బఫెలోలో రాబర్ట్ గత్రీ దారి చూపాడు. కొడుకుకు బుద్ధిమాంద్యం, భార్య తోబుట్టువు కూతురికి ఇదే జబ్బు. పురిటిబిడ్డ మడమ గుచ్చి, నెత్తురు చుక్కను ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టి, బాక్టీరియా పెరగకుండా మందు కలిపిన పళ్లెంలో ఆ ముక్క పెట్టాడు. ఫినైలాలనిన్ ఎక్కువుంటే మందు ఓడిపోయి, ముక్క చుట్టూ బాక్టీరియా గూడు కట్టుకుంటుంది. యంత్రం లేదు, హంగు లేదు. 500 మంది పిల్లలకు సరిపడే సరంజామా గత్రీకి 6 డాలర్లలో తయారయ్యేది. హక్కు పొందిన కంపెనీ దానికే 262 డాలర్లు అడిగితే ఆయన రచ్చకెక్కాడు.

1990లలో టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ వచ్చింది. ఒక్క చుక్కలో పదుల జబ్బులు చూస్తుంది, సరే. బీద ఆస్పత్రి సైతం భరించగలిగే పళ్లెం మాత్రం అటకెక్కింది. నాకది నష్టంగానే తోస్తుంది.

హైదరాబాదులో ఎ. రాధా రమాదేవి బృందం నాలుగు సర్కారు ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. పుట్టుకతో థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి, జీవక్రియ లోపాలు సుమారు వెయ్యికొకరికి. గోవా 2008లో రాష్ట్రమంతటా పరీక్ష మొదలుపెట్టింది. మా వైపు 2023లో సికిల్ సెల్ మిషన్ మొదలైంది, బిలాస్‌పూర్-కట్నీ లైను మీది షహడోల్‌లోనే. అదీ నెత్తురు చుక్క పరీక్షే. జీవక్రియ లోపాలు దాని జాబితాలో లేవు.