దూరపు యంత్రానికి తాళంచెవి

రాయపూర్‌లో ఉన్న విద్యార్థి హైదరాబాదులోని సర్వర్‌కు ఆజ్ఞలు పంపగలడు. ఈ సౌకర్యం ఎలా వచ్చింది?

1969లో ఆర్పానెట్‌తోపాటు అమెరికాలో టెల్నెట్ రూపుదిద్దుకోసాగింది. దాంతో ఒకచోటి టెర్మినల్ నుంచి మరోచోటి కంప్యూటర్‌ను నడపడం సాధ్యమైంది. మన దేశంలో 1980వ దశకంలో నిక్‌నెట్ జిల్లా కేంద్రాలను ఉపగ్రహం ద్వారా కలపసాగింది. అప్పట్లో రాయపూర్ మధ్యప్రదేశ్‌లో ఒక జిల్లా కేంద్రం.

అయితే టెల్నెట్‌లో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీది రాతలా వెళ్ళేది. దారిలో పొంచివున్నవారు ఎవరైనా చదవవచ్చు. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పాస్‌వర్డ్‌లు దొంగల పాలయ్యాయి. అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ అదే ఏడాది ఎస్‌ఎస్‌హెచ్‌ను రూపొందించాడు. ఇందులో సంభాషణంతా గూఢలిపిలో సాగుతుంది. టెల్నెట్ పోర్టు 23 కాగా, దీనికి పక్కనున్న 22 దక్కింది.

ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్‌కు బదులు జంట తాళంచెవులు వాడవచ్చు. బహిరంగ చెవిని సర్వర్‌లో ఉంచాలి. రహస్య చెవి మన యంత్రం దాటకూడదు. దానికీ ఒక సంకేతవాక్యం పెట్టుకోవాలి. సర్వర్ తొలిసారి చూపే 'వేలిముద్ర'ను సరిచూసుకున్నాకే 'యస్' అని టైపు చేయాలి. గూఢలిపి దారిని కాపాడుతుంది. అవతల ఉన్నది మన సర్వరేనా అన్నది ఆ తొలిసారి మనమే తేల్చుకోవాలి.