బండి ఉంది, మజిలీ ఏదీ?

నాంపల్లి స్టేషన్‌లో పట్టాలు ప్లాట్‌ఫాం మొదట్లోకి వచ్చి ఆగిపోతాయి. వచ్చిన రైలు వచ్చిన దారినే వెనక్కి మళ్లాలి. సంక్రాంతి ముందు వారంలో ఇక్కడ నిలబడి చూస్తే, నగరంలో సగం మంది అలా వెనక్కి మళ్లుతున్నట్టే ఉంటుంది. 1974 ఫిబ్రవరి 1న మొదలై ఈ స్టేషన్‌ని విశాఖపట్నంతో కలిపిన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఈ రోజుల్లో సీటు దొరకడమంటే లాటరీ తగలడమే. కాస్త దూరంలో నుమాయిష్ ఎగ్జిబిషన్ దీపాలు వెలుగుతుంటాయి. శాలువాలు, స్వెటర్లు బేరమాడే వాళ్లు అటు, సంచులు పట్టుకుని సముద్రం వైపు పరుగెత్తే వాళ్లు ఇటు.

చలికాలంలో సముద్రం మీదికి మనసు పోవడానికి కారణం ఉంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉన్న రాతి పీఠభూమి. సూర్యుడు దిగగానే రాయి చల్లబడుతుంది, పొడి గాలి ఉన్న కాస్త వేడినీ దాచుకోదు. సముద్రం అలా కాదు. పగలు తాగిన ఎండని రాత్రంతా మెల్లగా వదులుతుంది. ఇక్కడ దుప్పటి మీద దుప్పటి కప్పుకునే పుష్యమాసపు రాత్రి, బందరులో, అంటే మచిలీపట్నంలో, ఒక్క పంచె కప్పుకుంటే గడిచిపోతుంది.

ఈ ప్రయాణానికి ఇప్పుడు కొత్త ముచ్చట తోడైంది. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న మోటారు బండిని అద్దెకు తీసుకుని, కుటుంబంతో తీరం దాకా వెళ్లి, ఇసుక ఒడ్డున ఆపుకుని పడుకోవడం. సినిమా షూటింగుల పుణ్యమా అని దాని పేరు అందరికీ తెలుసు: కారవాన్. పేరు వినగానే విదేశీ సరుకు అనుకుంటాం. నాంపల్లి నుంచి పురానాపూల్ వైపు వెళ్లి, వంతెన ఎక్కకుండా గోల్కొండ దారి పట్టండి. కార్వాన్ అనే పేట వస్తుంది. పార్శీలో ఆ మాటకి అర్థం కలిసి సాగే బాటసారుల గుంపు, మన బిడారు. యూరప్ చుట్టి, ఇంగ్లిషు ముసుగేసుకుని, నాలుగు చక్రాల మీద తిరిగొచ్చిన మాట అది.

గోల్కొండ నుంచి బందరుకు

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకి గుండె కోటలో ఉంటే, ఊపిరి బందరులో ఉండేది. వజ్రాలు, కలంకారీ, మేలు బట్టలు బందరు రేవుకి దిగేవి. గుర్రాలు, మసాలాలు, వెండి బంగారాలు ఎగువకి వచ్చేవి. ఆంగ్లేయులు 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టింది ఆ రాకపోకలు చూసే. కార్వాన్‌లో సాహుకార్లు, రత్నాల వ్యాపారులు స్థిరపడింది, 1671 నాటి తోలీ మసీదు అక్కడ వెలిసింది ఆ దారి చలవతోనే. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవర్నియే ఈ బాటలో నడిచి, చూసింది పుస్తకానికి ఎక్కించాడు.

రాజులకీ ఆ సముద్రం మీద మోజే. అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో కొలువును వెంటబెట్టుకుని బందరు వెళ్లొచ్చాడు. తర్వాత గోల్కొండనేలిన తానీషా ఆ తీరానికి వెళ్లినప్పుడు కూచిపూడి భాగవతుల ఆట చూసి మురిసి, ఆ ఊరిని వాళ్లకి ఇచ్చాడని చెప్పుకుంటారు; దాన్ని 1678 నాటి మాటగా లెక్కవేస్తారు. రాజు కదిలితే డేరాలు, వంటశాల, కచేరీ, ఏనుగులు, దాసీజనం అంతా కదలాల్సిందే. ఆగిన చోటల్లా రాత్రికి రాత్రి ఒక ఊరు మొలిచేది. తెల్లారితే పొయ్యి రాళ్లు మిగిలేవి.

బిడార్లకి వానాకాలం శత్రువు. రేగడి నేలలో బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. మూసీ, పాలేరు, మున్నేరు పొంగితే దాటించేవాడు ఉండడు. ఆశ్వయుజ, కార్తికాల్లో తీరానికి తుపాను గండం. 1864 నవంబరు మొదట్లో వచ్చిన ఉప్పెన బందరులో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. అవన్నీ గడిచి, నేల గట్టిపడి, ఎద్దులకి ఇంకా పచ్చగడ్డి దొరికే చలికాలమే దారికి అనువైన కాలం.

ఇన్ని తెలిసిన పాలకులు దారిని బాటసారికి వదిలేసి ఊరుకోలేదు. ఇప్పటి విజయవాడ రహదారి మీద హయత్‌నగర్ దగ్గర బస్సు దిగండి. అబ్దుల్లా తల్లి హయాత్ బక్షీ బేగం పేరిట వెలిసిన ఊరది. అక్కడి మసీదు చుట్టూ వరసగా గదులున్న పెద్ద సరాయి ఉంది. పక్కనే హాథీ బావి. బిడారుకి కావాల్సినవి మూడు: తల మీద కప్పు, పశువుకి నీళ్లు, చుట్టూ గోడ. ఆ మూడూ అక్కడ ఉన్నాయి.

ఎద్దు ఆగిన చోటే ఊరు

రాజులు సరదాకి చేసినదాన్ని లంబాడాలు బతుకుగా చేశారు. వందల ఎద్దుల మీద ఎగువ ధాన్యం వేసుకుని తీరానికి దిగడం, అక్కడి ఉప్పు నింపుకుని దక్కన్ ఊళ్లకి ఎక్కడం. ఆ సరుకు బిడారునే వాళ్లు లదేణి అన్నారు. ఆలుబిడ్డలు, సామాను, పశువులు అన్నీ వెంట ఉండేవి; విడిది చేసిన చోటే తండా. వానలు పడినన్నాళ్లు ఒక దగ్గర ఆగి, నేల ఆరాక మళ్లీ కదిలేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దంలో ఉప్పు మీద ఇంగ్లిషు సర్కారు గుత్తాధిపత్యం, ఆ వెనకే రైలు వచ్చి ఆ వృత్తిని మింగేశాయి. బంజారాహిల్స్ అనే పేరు మాత్రం మిగిలింది. అక్కడ ఇప్పుడు గజం స్థలం ధర వింటే ఏ ఎద్దూ ముందుకు అడుగెయ్యదు.

తెలుగువాడు డేరాతో చేసిన ప్రయాణం గురించి చదవాలంటే ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పెద్ద పరివారంతో, డేరాలతో కాశీకి బయల్దేరి, దారిలో హైదరాబాద్‌లో మజిలీ చేసి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయో, ఎక్కడ సరుకులు దొరుకుతాయో, ఎక్కడ దిగడానికి వసతి ఉందో రోజువారీగా రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర, ఒక రకంగా, క్యాంపింగుకి తెలుగులో వచ్చిన తొలి కరదీపిక. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేసేవాళ్లు ఒకసారి దాని కోసమూ చూడండి.

పట్టాల మీద ఇల్లు

ఆబిడ్స్ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులోని ఆబిద్ అనే ఉద్యోగి నడిపిన దుకాణం నుంచి వచ్చింది. ఆ నిజాం కాలమే హైదరాబాద్‌కి రైలు తెచ్చింది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కి, 1889 నాటికి బెజవాడకి. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది. గోల్కొండ నుంచి బందరుకి రోజుల తరబడి సాగిన దారి, బెజవాడ దాకా ఒక రాత్రి ప్రయాణమైంది.

కలవారికి ఆ రాత్రి కూడా ఇంట్లోనే గడిచేది. సెలూన్ అనే పెట్టెలో పడకగది, కూర్చునే గది, స్నానాల గది, వంటగది, నౌకర్లకి చోటు అన్నీ ఉండేవి. దాన్ని మామూలు రైలుకి తగిలిస్తారు. కావాల్సిన స్టేషన్‌లో విడదీసి పక్క పట్టా మీదికి తోస్తారు. అయ్యగారు అక్కడ నాలుగు రోజులుండి, మళ్లీ ఇంకో రైలుకి తగిలించుకుని వెళ్లిపోతారు. ఇప్పటి మోటారు ఇల్లు చేసే పని అంతా అది వందేళ్ల కిందటే చేసింది. 1982లో ప్యాలెస్ ఆన్ వీల్స్ పట్టాలెక్కినప్పుడు రాజస్థాన్ రాజుల పెట్టెలతో పాటు నిజాం సెలూన్లనీ అందులో వాడారు.

సామాన్యుడికి మాత్రం సముద్రం పరదేశమే. ఆంగ్లేయులు 1759లో బందరు కోటని ఫ్రెంచివాళ్ల నుంచి గుంజుకున్నారు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు నిజాం చేజారాయి. అప్పట్నుంచి హైదరాబాద్ రేవు లేని రాజ్యం. సరిహద్దు దాటితే సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ వాళ్లు మూట విప్పించేవాళ్లు. రూపాయి కూడా మారిపోయేది. నిజాం నాణెమైన హాలీ రూపాయలు ఏడు ఇస్తే సుమారు ఆరు ఇంగ్లిషు రూపాయలు చేతికొచ్చేవి. 1956లో తీరమూ నగరమూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాకే ఈ ప్రయాణం ఊరికి వెళ్లినంత తేలికైంది. 2014లో రాష్ట్రం విడిపోయి మళ్లీ గీత పడినా, సంక్రాంతి రద్దీ ఆ గీతని పట్టించుకోలేదు.

అసలైన మోటారు ఇల్లు

1932 జూన్‌లో నిజాం రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. రోడ్లు పెరిగాయి, బస్సులు పెరిగాయి. వాటి నుంచి తెలుగువాళ్లు తమకి కావాల్సిన కారవాన్‌ని తామే తయారుచేసుకున్నారు. దాని పేరు యాత్రా బస్సు.

చలికాలం రాగానే బయల్దేరే ఆ బస్సుని చూడనివాళ్లు ఉండరు. టాపు మీద గంగాళాలు, గ్యాస్ బండలు, బియ్యం బస్తాలు, టార్పాలిన్. లోపల యాభై మంది, వెంట ఒక వంటమేస్త్రీ. తెల్లవారుజామున పంపుసెట్టు కనబడితే స్నానాలు, మర్రిచెట్టు కనబడితే వంట, కిటికీ కమ్మీలకి ఆరేసిన తువ్వాళ్లు. నలభై ఒక్క రోజుల దీక్ష ముగించి ఇరుముడి కట్టిన అయ్యప్పస్వాములు గురుస్వామి వెంట ఇలాగే వెళ్తారు. మకరజ్యోతి చూసుకుని కొందరు అటే కన్యాకుమారికీ, రామేశ్వరానికీ పోయి సముద్ర స్నానం చేసి ఇళ్లు చేరతారు. చలి ప్రాంతం నుంచి వెచ్చటి తీరానికి, పొయ్యి వెంటబెట్టుకుని, దారిలో ఆగుతూ చేసే ప్రయాణం ఇంకేముంటుంది? వాళ్లనెవరూ కారవాన్ టూరిస్టులు అనలేదు, అంతే.

మజిలీ ఎక్కడ?

మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో నడక తక్కువ, ఆగడం ఎక్కువ. ఆగిన చోటే కథ పుడుతుంది. మన ప్రయాణాల చరిత్రా అదే చెబుతుంది. ఎడ్లబండి, సెలూన్, యాత్రా బస్సు ఒక్కొక్కటే మారుతూ వచ్చాయి. వాటిని నడిపించింది మాత్రం సరాయి, బావి, సత్రం, స్టేషన్‌లో పక్క పట్టా. మోటారు ఇంటికి కావాల్సినవీ అవే: రాత్రికి భద్రంగా ఆపుకునే చోటు, మంచినీళ్లు, కరెంటు, వాడిన నీళ్లూ మలినాలూ వదలడానికి సరైన ఏర్పాటు. ఈ చివరిది లేకపోతే ఒక్క సీజన్లో తీరం కంపుకొడుతుంది. కేరళ 2021లో కారవాన్ విధానం ప్రకటిస్తూ బండ్లతో పాటు అవి ఆగే పార్కుల్ని కూడా కలిపి ఆలోచించింది. అక్కడ నేర్చుకోవాల్సింది ఆ జోడింపే.

మన దగ్గర దారి సిద్ధంగానే ఉంది. పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నంలో ముగుస్తుంది. నాలుగు వందల ఏళ్ల కిందటి బిడారు బాటకి దాదాపు వారసురాలు అది. దాని మీద టోల్‌గేట్లున్నాయి, పెట్రోలు బంకులున్నాయి, దోసెల హోటళ్లున్నాయి. కుటుంబం బండిలో నిద్రపోవడానికి నిశ్చింతగా ఆపుకునే చోటు మాత్రం వెతుక్కోవాలి.

నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఒక పాత సరాయి ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1919లో, రైలు దిగినవాళ్లు తలదాచుకోవడానికి కట్టింది. ఇప్పుడు గోడలు బీటలు వారి పడి ఉంది. దాని దగ్గర్లోనే కార్ల కోసం అంతస్తుల మీద అంతస్తులుగా పార్కింగు భవనం లేచింది. బండికి చోటు చూశాం, బాగుంది. మనిషికి కట్టిన చోటుని కూలిపోనివ్వకండి. హయత్‌నగర్ సరాయిని, నాంపల్లి సరాయిని బాగుచేసి, బందరు దాకా దారి పొడవునా నాలుగు మజిలీలు కట్టండి. బండ్లు వాటంతటవే వస్తాయి.