విడాకుల పత్రంలో దొరికిన వంశవృక్షం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని మిత్రులు అడిగారు. అల్లరి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు కనుక, నేను ఒక పాఠం గురించి రాస్తున్నాను. మాకు సోషల్ చెప్పిన మాస్టారు ఏ రాజవంశం పాఠమైనా మూడు ప్రశ్నలతో ముగించేవారు: "ఇది ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎందుకు రాశారు?" పరీక్షలో రాని ప్రశ్నలు కాబట్టి మేము పట్టించుకునేవాళ్లం కాదు. మూడో ప్రశ్న విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత, జర్మనీలో తెలిసింది.

మెషీన్ల తనిఖీ పని మీద స్టట్‌గార్ట్‌కు తూర్పున ఉన్న గోపింగెన్‌లో కొన్ని వారాలున్నాను. ఆ ఊరి దగ్గర బోర్లించిన గ్లాసులా ఒక కొండ కనిపిస్తుంది. ఎత్తు 684 మీటర్లు, పేరు హోహెన్‌స్టాఫెన్. పాత జర్మన్‌లో 'స్టౌఫ్' అంటే నీళ్లు తాగే పాత్రే. ఒక ఆదివారం ఎక్కాను. పైన కోట లేదు, పునాది గోడలే మిగిలాయి. 1525 నాటి రైతుల తిరుగుబాటులో కోట తగలబడింది. ఎర్రగడ్డం చక్రవర్తిగా పేరుపడ్డ ఫ్రెడరిక్ బార్బరోసా, మన గణపతిదేవుడు ఓరుగల్లు ఏలుతున్న రోజుల్లో అక్కడ చక్రవర్తిగా ఉన్న రెండో ఫ్రెడరిక్, ఈ కొండ పేరు మోసిన వంశంవాళ్లే.

ఇంత పెద్ద వంశం ఎక్కడి నుంచి వచ్చింది? 1077లో నాలుగో హెన్రీ రాజుకు పోటీగా, స్వేబియా డ్యూక్ రుడాల్ఫ్‌ను ఆయన శత్రువులు రాజుగా ఎన్నుకున్నారు. హెన్రీ 1079లో ఆ స్వేబియాను తన పక్షాన నిలిచిన ఫ్రెడరిక్ అనే కౌంటుకు ఇచ్చి, చిన్నపిల్లయిన తన కూతురు ఆగ్నెస్‌నూ ఆయనకు నిశ్చయం చేశాడు. కొండ మీద కోట కట్టింది ఈ ఫ్రెడరికే. ఆగ్నెస్ రెండో పెళ్లి కొడుకు, బిషప్ ఓటో, పెద్ద చరిత్రకారుడు. బార్బరోసాకు చిన్నాన్న వరస. ఆయన కూడా ఈ ఫ్రెడరిక్ స్వేబియాలోని గొప్ప కౌంట్ల వంశంవాడని చెప్పి ఊరుకున్నాడు. తండ్రి, తాతల పేర్లు ఎత్తలేదు.

ఆ పేర్లు మనకు చెప్పింది మరో కాగితం. బార్బరోసా మొదటి భార్య అడేలా. వాళ్లకు పిల్లలు లేరు. 1153లో కాన్‌స్టాన్స్‌లో ఆ పెళ్లి రద్దయింది. అధికారికంగా చెప్పిన కారణం రక్తసంబంధం. అప్పటి చర్చి ఏడో తరం దాకా బంధువుల మధ్య పెళ్లిని నిషేధించింది. మేనరికాలు చేసుకునే మనకు ఇది వింతే! దానికి రుజువుగా తయారైన వంశపట్టిక వీబాల్ట్ అనే మఠాధిపతి ఉత్తరాల సంపుటిలో మిగిలింది. అందులో ఒక అన్నాచెల్లెళ్ల జంట నుంచి రెండు వరసలు దిగుతాయి. అన్న ఫ్రెడరిక్, ఆయన కొడుకు బ్యూరెన్ ఫ్రెడరిక్, ఆయన కొడుకు కోట కట్టిన డ్యూక్, ఆయన కొడుకు మరో డ్యూక్ ఫ్రెడరిక్, చివర బార్బరోసా. అయిదు తరాలూ ఫ్రెడరిక్‌లే! రెండో వైపు ఆ ఫ్రెడరిక్ తోబుట్టువు బెర్తా. ఆమె నుంచి అయిదు తరాలు దిగితే అడేలా.

అంటే, పెళ్లిని తెంచడానికి రాసిన కాగితం వల్ల వంశం మొదలు తెలిసింది. బెర్తా పేరు అవసరపడింది కాబట్టే ఆమె అన్న పేరూ బయటికొచ్చింది. ఇంకో మాట: 1215లో చర్చి ఆ నిషేధాన్ని నాలుగు తరాలకు తగ్గించింది. అరవై రెండేళ్ల తర్వాత అయితే ఈ లెక్క మీద ఆ పెళ్లిని రద్దు చేయడానికి వీలయ్యేది కాదు. బార్బరోసా 1156లో బర్గండీ వారసురాలు బియాట్రిస్‌ను పెళ్లాడాడు. రాణిగా ఉన్న అడేలా తర్వాత రావెన్స్‌బర్గ్‌కు చెందిన, తనకంటే చాలా తక్కువ హోదా ఉన్న ఒక రాజోద్యోగిని చేసుకుంది.

కొండ దిగుతుంటే మాస్టారి మూడో ప్రశ్న గుర్తొచ్చింది. మా ఇంట్లో ముత్తాత పేరున్న పాత కాగితం ఒక్కటే, అన్నదమ్ముల పొలం పంపకాల దస్తావేజు. అదీ అవసరం కోసం రాసిందే. అందులో వాటాదార్లంతా మగవాళ్లే. ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. "మీ తాతమ్మ పేరా? ఇన్నాళ్లకు అడిగావురా," అంది. తాతమ్మ పేరు, ఆమె ఇద్దరు చెల్లెళ్ల పేర్లు, ఎవరు ఏ ఊరు కోడళ్లయ్యారో అన్నీ చెప్పింది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈ రోజు అడుగుదామంటే అమ్మ లేదు.

బడికి యాభై ఏళ్లు నిండాయి. హెడ్మాస్టర్ల పేర్లు బోర్డు మీద ఉన్నాయి, దాతల పేర్లు రాయి మీద ఉన్నాయి. గంట కొట్టినవాళ్లు, కుండల్లో నీళ్లు నింపినామె, మొదటి బ్యాచిలో చేరి మధ్యలో మానేసిన ఆడపిల్లలు ఏ కాగితంలో ఉన్నారు? తొలి ఏళ్లలో పనిచేసిన మాస్టార్లు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ ఉత్సవానికి వచ్చినప్పుడు వాళ్ల పక్కన ఒక గంట కూర్చుని ఆ పేర్లు అడిగి రాసుకుందాం. నోట్‌బుక్ నేను తెస్తాను.