పదాలలో పడతుల అలుక

అలుక అనగానే మనకు సత్యభామే గుర్తుకొస్తుంది. పారిజాతం రుక్మిణికి దక్కిందని వినగానే ఆవిడ కోపగృహంలో పడ్డ బాధను 16వ శతాబ్దంలో నంది తిమ్మన ఎంతో ముచ్చటగా రాశాడు. అది చదువుకునే కావ్యం. మరుసటి శతాబ్దంలో క్షేత్రయ్య చేతిలో ఆ అలుకే పాడుకునే పదమై, గజ్జె కట్టి ఆడింది.

క్షేత్రయ్యది కృష్ణా జిల్లా మొవ్వ అని ప్రతీతి. అందుకే ఆయన దేవుడు మువ్వగోపాలుడు. మధుర, తంజావూరు, గోలకొండ సభలు చూసిన మనిషి. వేల పదాలు కట్టాడంటారు గానీ మనకు మిగిలినవి వందల్లోనే. పేరుకు దేవుడి పాటలే అయినా, అందులో మాట్లాడేది మాత్రం మామూలు ఆడది. రాత్రంతా దీపం పెట్టుకుని కూర్చుని, తెల్లవారి అతగాడు మరొకరి గుమ్మం దిగి వస్తే నిలదీసే ఆవిణ్ణి శాస్త్రంలో ఖండిత అన్నారు. కోపంతో పంపేసి ఆనక కుమిలిపోయే ఆవిడ కలహాంతరిత. పేర్లు పెద్దవే గానీ, ఆ మనుషులు మనకు తెలియనివారా చెప్పండి!

ఈ పదాలను చౌకకాలంలో, బాగా నిదానంగా పాడతారు. గబగబా తిట్టేస్తే కోపం అక్కడితో తీరిపోతుంది. అలా కాక ఒకే పంక్తిని నాలుగైదుసార్లు తిప్పి పాడుతుంటే, అభినయించే ఆవిడ ముఖంలో ఒకసారి ఎత్తిపొడుపు, ఇంకోసారి దిగులు, మరోసారి ఇంత జరిగినా నువ్వే కావాలన్న ఒప్పుకోలు కనబడతాయి. ఈర్ష్య అంటే పక్కదాని మీద పగ అనుకుంటాం. ఈ పదాల్లో నాకు వినబడేది, నీ మనసులో నాకు చోటుందా లేదా అన్న ప్రశ్నే. వీటిని మనదాకా తెచ్చినవారిలో తమిళనాట వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇంటివారు ముఖ్యులు. ఆవిడ మనుమరాలు బాలసరస్వతి (1918-1984) వీటిని పాడుతూ అభినయించేది. మన తెలుగు పదాలకు అక్కడ అంత ఆదరం దొరికింది.

సరే, ఇంతా చేసి ఈ ఆడమాటలు కట్టింది మగవాడు. మరి ఆడదే చెబితే?

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే విదుషీమణి ఉండేది. ఆవిడ రాసిన రాధికాసాంత్వనం పాట కాదు, నాలుగు ఆశ్వాసాల కావ్యం. కానీ పదాల్లోని బాధే ఇందులోనూ ఉంది. రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. కాపురం ఎలా చేసుకోవాలో బుద్ధులూ చెబుతుంది. తీరా వాళ్ళిద్దరూ ఒకటయ్యాక ఓర్చుకోలేకపోతుంది. పిల్ల బాగుండాలి, అతను తనవాడుగా ఉండాలి! రెండూ నిజమే, రెండూ ఒక్క మనసులోనివే. చివరికి కృష్ణుడే దిగివచ్చి ఆవిణ్ణి ఓదార్చాలి. కావ్యం పేరులోని సాంత్వనం అదే.

ఇంత తెలిసి రాసినావిడను వీరేశలింగం పంతులుగారు మెచ్చలేదు. ఆడవాళ్ళు వినరాని రాతలన్నారు. వితంతువుల కోసం అంత పాటుపడ్డ మనిషి ఇక్కడ ఇలా అనడం నాకు కష్టంగానే ఉంటుంది. తిరువయ్యారులో త్యాగయ్యగారి సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు ఊరుకోలేదు. ప్రతులు సంపాదించి, కావ్యాన్ని పూర్తిగా పరిష్కరించి 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని పీఠికలో అడిగింది. శృంగారం ముంచెత్తే మగవాళ్ళ కావ్యాలు పండితుల బల్లల మీదే ఉన్నాయి గదా, ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది?

జవాబుగా వచ్చింది నిషేధం. అసభ్యమని తెల్లదొరల ప్రభుత్వం పుస్తకాన్ని ఆపేసింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో అది తొలగింది. నాగరత్నమ్మగారు 1952లో కన్నుమూశారు. ముద్దుపళని కావ్యం మీద నిషేధం తొలగడం చూసే పోయారు.